నెలకో చొక్కా

సోమవారం పొద్దున్న కొలతలమ్మ బట్ట కత్తిరిస్తుంది. ఆ పూట ఆమెను ఎవరూ పలకరించరు, పలకరించినా ఆమె పలకదు. నోట్లో నాలుగు గుండుసూదులు, చెవి మీద సుద్దముక్క, చేతిలో ఇంకెవరి చేతికీ ఇవ్వని పెద్ద కత్తెర. దుకాణం అంటే ఒక్క గది. ముందు బల్ల, వెనక రెండు మిషన్లు, మూలన ఇనుప ట్రంకుపెట్టె. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఆమె భర్త కాజాలు కుడతాడు, గుండీలు వేస్తాడు. వీధిలో అందరికీ ఆయన గుండీలాయన. "కత్తెర నీది, మాట నాది" అంటుంటాడు. నిజానికి మాట కూడా ఆమెదే.

ఆ వారం బ్యాంకు గుమస్తా కొత్త చొక్కా కోసం వచ్చాడు. తొడుక్కుంటే మూడో గుండీ దగ్గరే ఆగిపోయింది. ఎడమ భుజం అరంగుళం కిందికి దిగి ఉంది.

"ఓహో, ఈ నెల నా వంతా?" అన్నాడు.

"అవును బాబూ. రేపటికల్లా ఇంకోటి కుట్టిస్తాను."

"బుధవారం మా పెద్దాఫీసరు వస్తున్నాడు. అప్పటికి ఇస్తే చాలు." విప్పి, మడతపెట్టి మరీ ఆమె చేతికిచ్చాడు. "ఛాతీ బాగా తగ్గినట్టుందే. పాపం, అక్కడ తిండి ఎలా ఉంటుందో ఏమో."

ఆమె తేదీ రాసిన చీటీని చొక్కాకి గుండుసూదితో గుచ్చి ట్రంకుపెట్టెలో పెట్టింది. పదకొండేళ్ళుగా ఇదే వరస. టేపు తప్పూ కాదు, కత్తెర తప్పూ కాదు. ఎవరికి కొలిచినా, ఎవరికి గీసినా, గీత మీదే కత్తిరించినా, నెలకో చొక్కా మాత్రం కుట్టు పూర్తయ్యేసరికి జైల్లో ఉన్న పోస్టుమాన్ కొలతకి వచ్చి కూర్చునేది. వీధిలో వాళ్ళు వానాకాలానికి గొడుగు పెట్టుకున్నట్టు, కొలతలమ్మ దగ్గర కుట్టించుకునేవాళ్ళు ఒకటి రెండు రోజులు ముందుగానే బట్ట ఇచ్చేవారు.

పోస్టుమాన్ పద్నాలుగేళ్ళపాటు ఉత్తరాల సంచీని ఎడమ భుజానికే తగిలించుకుని తిరిగినవాడు. ఆ బరువుకి ఎడమ భుజం అరంగుళం దిగిపోయింది. బజారులో కొన్న చొక్కా ఏదీ అతని ఒంటి మీద సరిగా నిలిచేది కాదు. కొలతలమ్మ ఒక్కతే ఆ భుజాన్ని అరంగుళం దించి కత్తిరించి, చొక్కా అతని ఒంటికి అతుక్కునేలా కుట్టి ఇచ్చింది. ఆ వంకర అతనిది, దానికి మందైన కత్తెర ఆమెది. ఊరంతటిలో అలాంటి కత్తిరింపు ఇంకొకటి లేదని ఆమెకి కొంచెం గర్వం కూడా ఉండేది.

పదకొండేళ్ళ కిందట ఒక సాయంత్రం దీపాలు వెలిగించే వేళకి పక్క సందులో మందుల షాపు పెద్దాయన్ని ఎవరో షట్టరు కడ్డీతో కొట్టి చంపారు. కొలతలమ్మ అప్పుడే గాలికని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సందులోంచి ఒక మనిషి బయటపడి అవతలికి పరుగెత్తాడు. ఆమెకి కనబడింది అతని వీపు. నీలం గళ్ళ చొక్కా, అరంగుళం దిగిన ఎడమ భుజం కుట్టు. అది తను కుట్టిన చొక్కా. గుండీలాయన ఆమె వెనకే పీట మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, తల ఎత్తి చూడలేదు.

దర్జీకి మొహాలతో పనుండదు. వీపు చూస్తే చాలు, మనిషిని చూసినట్టే. ఆమె పోలీసులతో అదే చెప్పింది, కోర్టులో ప్రమాణం చేసి అదే చెప్పింది. ఆ చొక్కా పోస్టుమాన్‌ది, వేసుకున్నది పోస్టుమానే. అతను బోనులో చేతులు జోడించి, ఆ చొక్కా మూడు రోజుల ముందే లాండ్రీలో వేశానన్నాడు. చొక్కా దొరికింది కూడా లాండ్రీలోనే, చేతి అంచున ఉతికినా వదలని మరకతో. కానీ లాండ్రీ యజమాని ఏ రోజు ఇచ్చాడో తనకి గుర్తులేదన్నాడు. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేవాడు అప్పటికే పని మానేసి ఎటో వెళ్ళిపోయాడు, వాడి కోసం ఎవరూ వెతకలేదు. ఇంత తడబాటు లేని సాక్షిని తాను చూడలేదని జడ్జి తీర్పులో రాశాడు. పోస్టుమాన్‌కి యావజ్జీవం పడింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు వీధిలో, అతని చేతుల మీదుగా ఉత్తరాలు అందుకున్న వాళ్ళే.

అతన్ని పట్టుకుపోయిన వారంలోనే మొదటి చొక్కా వచ్చింది. ఒక మనిషిని జైలుకి పంపిన సాక్షికి, చెప్పింది నిజమే అయినా, ఏదో ఒకటి అంటుకోకుండా ఉండదులే అనుకుంది కొలతలమ్మ. వీధి కూడా అలాగే అనుకుంది. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ పదేళ్ళ ముందే ముగిసేది, అది తలచుకుంటే నాకే కోపం వస్తుంది.

పోస్టుమాన్‌కి ఒక చెల్లెలుంది, బస్సు కండక్టరు. జైలు ఊరికి దూరం. అక్కడికెళ్ళే బస్సులోనే డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. కానీ జైలువాళ్ళు ఆరునెలలకోసారి తప్ప చూడనివ్వరు, చూసినా మధ్యలో మసక గాజు. అందుకని నెలలో మొదటి ఆదివారం కొలతలమ్మ దుకాణానికి వచ్చేది. ఒకప్పుడు అక్కా అని పిలిచేది. ఇప్పుడు ఏ పిలుపూ లేదు. లోపలికి వచ్చి చెయ్యి చాపితే, కొలతలమ్మ ట్రంకుపెట్టె తెరిచి ఆ నెల చొక్కా ఇచ్చేది. కండక్టరమ్మ బల్ల మీద పరిచి, తన టేపుతో తనే కొలిచేది. మెడ, ఛాతీ, నడుము. అన్న ఎలా ఉన్నాడో ఆమెకి తెలిసే దారి అదొక్కటే. కొలతలు టిక్కెట్టు వెనక రాసుకుని, చొక్కా తిరిగిచ్చి వెళ్ళిపోయేది. బయటి బట్టలు జైల్లోకి పోనివ్వరు.

గుమస్తా వంతు వచ్చిన నెల ఆమె రెండుసార్లు కొలిచింది.

"ముప్పైఒకటి," అంది. "లోపలికి వెళ్ళినప్పుడు ముప్పైతొమ్మిది. పోయిన నెల ముప్పైరెండు. చూస్తున్నారుగా?"

"చూస్తున్నానమ్మా."

"ఇట్లా అయితే వచ్చే ఏడు కొలవడానికేం ఉండదు." కండక్టరమ్మ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది కొలతలమ్మకి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కొట్టింది. దారాల కోసం బజారుకెళ్ళిన గుండీలాయన ముద్దయి వచ్చాడు. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోవడానికి బద్ధకం. భార్య మిషను మీద తలవంచుకుని ఉండగా ట్రంకుపెట్టె తెరిచాడు. ఆ పెట్టెలో చేరాక చొక్కా ఏదీ ఈ పదకొండేళ్ళలో ఎవరి ఒంటి మీదకీ ఎక్కలేదు. పైనున్నవి తన ఒంటికి పట్టవని తెలిసి, అడుగు నుంచి ఒకటి లాగి తొడుక్కున్నాడు. ఎదురుగా టీ కొట్టు నుంచి రెండు గ్లాసులు తెద్దామని గుమ్మం దిగి వానలో పరుగెత్తాడు.

కొలతలమ్మ తలెత్తింది.

పరుగెత్తుతున్న మొగుడి వీపు మీద, ఎడమ భుజం మొన నుంచి మెడ కిందికి ఏటవాలుగా ఒక ముడత లాక్కుని ఉంది. ఆమె పాదం మిషను మీద ఆగిపోయింది. ఆ ముడత ఆమెకి తెలుసు. పదకొండేళ్ళ కిందట ఇదే గుమ్మంలోంచి అదే ముడతని చూసింది. పరుగు వల్ల పడిందనుకుంది.

ఆయన గ్లాసులతో తిరిగొచ్చాడు.

"కదలకు. అటు తిరిగి నిలబడు."

"టీ చల్లారిపోతుందే."

"నిలబడమన్నానా!"

నిలబడ్డా ముడత పోలేదు. చేత్తో సర్దింది, పోలేదు. భుజాలు రెండూ సమంగా ఉన్నవాడు ఆ చొక్కా వేసుకుంటే ఎడమ పక్క బట్ట చాలదు, లాక్కుంటుంది. ఎవరి కోసం కత్తిరించారో అతను వేసుకుంటే పడమన్నా ముడత పడదు. అందుకేగా ఆ భుజం దించింది! తన కుట్టు మీద తనకున్న గర్వమే కళ్ళకి అడ్డొచ్చింది. చొక్కాని చూసి మనిషిని చూశాననుకుంది. చొక్కా మాత్రం అప్పుడే చెప్పింది, నా లోపలున్నది నావాడు కాదని. ఆమెకి ఏడుపు వచ్చింది గానీ, ఏడిచే హక్కు తనకుందో లేదో అర్థం కాక మింగేసింది.

విషయం విని గుండీలాయన చాలాసేపు సూది పట్టుకోలేదు. ఎప్పుడూ హాస్యం ఆడే మనిషి, ఆ రోజు ఒక్కటి కూడా ఆడలేదు.

"ఇప్పుడు వెళ్ళి చెబితే, అప్పుడు దొంగసాక్ష్యం చెప్పావని నిన్ను లోపలేస్తారు. కొరివితో తల గోక్కుంటావా?"

"అతన్నక్కడ కూర్చోబెట్టింది నేనే కదయ్యా."

"తెలిసి చెప్పావా ఏంటి?"

"తెలియకుండా చెబితే అతని పదకొండేళ్ళు తిరిగొస్తాయా?"

ఆయన చల్లారిన టీ తాగేసి, చెప్పులేసుకున్నాడు. "పద. కండక్టరమ్మ ఇంటికి దారి నాకు తెలుసు."

కండక్టరమ్మ గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. విన్నంతసేపూ కనురెప్ప వెయ్యలేదు. అంతా అయ్యాక, గుండీలాయన్ని అటు తిరగమని, వీపు మీద ముడతని వేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తాకి చూసింది.

"దీని కోసమా," అంది, "మా అమ్మ అన్న పేరు పలవరిస్తూ పోయింది?"

కండక్టరమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. వాళ్ళిద్దరూ అక్కడే నిలబడ్డారు. చాలాసేపటికి తలుపు తెరిచి, మొహం కడుక్కుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ బయటికొచ్చింది. "ఒక ముసలి లాయరున్నాడు. రేపటిదాకా ఆగను, ఇప్పుడే వెళ్దాం."

ముసలి లాయరు ప్రాక్టీసు వదిలేసి పాత తీర్పులు తిరగదోడడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఇల్లంతా కాగితాలే.

"కొన్ని దేశాల్లో ఇలాంటివి చూడ్డానికి కమిషన్లే ఉన్నాయమ్మా," అన్నాడు. "కొన్నిచోట్ల పాత మరకల్ని కొత్త పరీక్షలకి పంపుతారు. తప్పు తేలితే ప్రభుత్వమే క్షమాపణ చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. ఇక్కడ ఒక బీరువా ఉంది, నేనున్నాను. బీరువాకి తాళం లేదు, నాకు చెవుడు. కాస్త గట్టిగా చెప్పండి."

కొలతలమ్మ గట్టిగా చెప్పింది. ఆయన పెదవి విరిచాడు.

"ఎక్కడైనా ఒకటే చిక్కు. ఒకసారి మూసిన కేసు తెరవాలంటే చేతిలో కొత్తదేదైనా ఉండాలి. పొరపాటు పడ్డానంటే చాలదు. సాక్షులు మాట మార్చడం వాళ్ళకి రోజూ ఉండేదే. ముడత సంగతి ఇప్పుడు పుట్టించావంటారు."

అంటూనే కండక్టరమ్మ ఎప్పుడో ఇచ్చిన పాత కేసు నకలు బీరువాలోంచి తీసి, ఆమె వాంగ్మూలం వెతికాడు. వేలితో ఒక్కో వాక్యం మీదుగా వెళ్తూ నాలుగో పేజీలో ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఈసారి పైకి చదివాడు. "పరుగెత్తుతుండగా అతని ఎడమ భుజం నుంచి మెడ కిందికి ఏటవాలుగా ముడత పడింది."

ఆమె ఆ రోజు చూసింది చూసినట్టు పూసగుచ్చినట్టు చెప్పింది. రాసినవాడు రాశాడు, చదివినవాళ్ళు చదివారు. వాళ్ళలో ఒక్క దర్జీ లేడు.

"బాగుంది," అన్నాడు లాయరు. "ఇంకో అడ్డు ఉంది. ఆ గళ్ళ చొక్కా కుట్టింది ఎప్పుడు?"

"హత్యకి ఏడాది ముందు."

"ఆ ఏడాదిలో అతను లావయ్యాడంటారు. తన చొక్కా తనకే బిగిసి ముడత పడిందంటారు. ఇప్పుడు తొడిగి చూపిద్దామంటే మనిషి సగమయ్యాడు. అప్పటి ఒళ్ళు ఎక్కడి నుంచి తెస్తాం?"

కొలతలమ్మ మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. ఆయన ఒంటి మీద ఇంకా ఆ చొక్కానే ఉంది. కాలరు దగ్గర గుండుసూదికి వేలాడుతున్న తడి చీటీని వెనక్కి తిప్పి చూసింది.

"ఇది అతన్ని పట్టుకుపోయిన వారంలో వచ్చింది," అంది.

కేసు మళ్ళీ విచారణకి వచ్చిన రోజు కోర్టుకి ట్రంకుపెట్టెని ఇద్దరు మోసుకొచ్చారు. నూట ముప్పై ఆరు చొక్కాలు తేదీల వరుసలో బల్లల మీద పరిచారు. సర్కారు వకీలు లేచి తీవ్రంగా అభ్యంతరం చెప్పాడు, ఏడో ఏట రెండు చీటీలు తారుమారయ్యాయని. మొదటి చొక్కా మీద టీ మరక ఎందుకుందని అడిగాడు. చొక్కాలు అలా ఎందుకు వచ్చాయని మాత్రం అడగలేదు. జడ్జిగారు జైలు డాక్టరు రిజిస్టరు తెప్పించారు. ఖైదీ బరువు ఏ నెల ఎంత తగ్గిందో, ఆ నెల చొక్కా అంతే తగ్గి ఉంది. అయిదో ఏట అతనికి జ్వరమొచ్చి పదిహేను రోజులు పడుకుంటే, ఆ నెల మెడ కూడా అరంగుళం తగ్గింది. ఇక కోర్టులో సాక్ష్యంగా దాచిన గళ్ళ చొక్కాని తెచ్చి, మొదటి చొక్కా మీద పెట్టారు. దారం వాసి తేడా లేదు. హత్య జరిగిన రోజుల్లో ఆ గళ్ళ చొక్కా పోస్టుమాన్ ఒంటికి అచ్చంగా సరిపోయేదన్నమాట.

"దీన్ని ఎవరైనా వేసుకోవాలి," అన్నారు జడ్జిగారు చుట్టూ చూస్తూ. "ఛాతీ ముప్పైతొమ్మిది."

కొలతలమ్మ కన్ను అప్పటికే సర్కారు వకీలుని కొలిచేసింది. చెప్పడానికి మొహమాటపడుతుంటే ఆయనే అర్థం చేసుకుని, నల్లకోటు విప్పాడు. నీలం గళ్ళ చొక్కాలో బోను నుంచి తలుపు దాకా పరుగెత్తాడు. ఎవరూ నవ్వలేదు. వీపు మీద ఏటవాలు ముడత, నాలుగో పేజీలో రాసినట్టే. ఎడమ భుజం వంచి నడవమన్నారు జడ్జిగారు. ముడత పోయింది. మళ్ళీ నిటారుగా నిలబడితే మళ్ళీ వచ్చింది. వకీలు వెనక్కి తిరిగి, కోర్టులో అందరి మొహాలూ చూసి, ఇంకేమీ వాదించకుండా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు. "అప్పుడు అబద్ధం చెప్పారా అమ్మా, లేక ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడూ చూసిందే చెప్పాను బాబూ. నేను చూసిందేమిటో తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది."

శిక్ష రద్దయింది. తీర్పు చదవడం అయ్యాక కొలతలమ్మ బోనులోంచి దిగలేదు. తనకేం శిక్ష వేస్తారని అడిగింది. నిజమని నమ్మి చెప్పినదానికి చట్టంలో శిక్ష లేదన్నారు జడ్జిగారు. వెళ్ళవచ్చన్నారు. ఆమె ఇంకాసేపు అలాగే నిలబడింది. చివరికి గుండీలాయన వచ్చి చెయ్యి పట్టుకుని దించాడు.

కాగితాలు ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. మనిషిని లోపల పెట్టడానికి మాత్రం ఒక్క పూట చాలింది. ఆ మూడు వారాల్లో ఎవరి చొక్కాలు వాళ్ళ కొలతకే వచ్చాయి.

విడుదల రోజు మధ్యాహ్నం కండక్టరమ్మ డ్యూటీలోనే ఉంది. సెలవు పెట్టనంది, అన్నని నా బస్సులోనే తీసుకెళ్తానంది. గేటు దగ్గర ఆఖరి చొక్కా అతనికి ఇచ్చింది. అతను అక్కడే తొడుక్కున్నాడు. ఒంటికి సరిపోయింది. జుట్టంతా నెరిసిపోయింది, నడుస్తుంటే ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో వెళ్ళమంటారని ఆగుతున్నాడు. కండక్టరమ్మ అతని మోచెయ్యి పట్టుకుని బస్సెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

కొలతలమ్మ వెనక తలుపులోంచి ఎక్కింది. తనని చూడకుండానే ఊరు చేరితే చాలనుకుంది. బస్సు నిండిపోయింది, అతని పక్క సీటు తప్ప. ఆ పక్కన కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదో, మర్యాదే అడ్డొచ్చిందో. ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది. రోడ్డంతా గోతులు. ఒక గోతిలో బస్సు పడితే తూలి, ముందు సీటు పట్టుకుంది. అతను తల తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. టిక్కెట్లు కొడుతున్న కండక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"క్షమించానని అనుకోకండి," అన్నాడు. మాట్లాడక మాట్లాడక గొంతు జీరపోయింది. "అది నాకు చేతనవుతుందో కాదో ఇంకా తెలీదు. ఊరు దూరం. ఎంతసేపు నిలబడతారు, కూర్చోండి."

ఆమె అంచున కూర్చుంది. మలుపులో బస్సు వాలినప్పుడు అతని భుజం వచ్చి ఆమె భుజానికి ఆనింది. ఎముక తప్ప ఇంకేమీ తగల్లేదు. బస్సు మళ్ళీ తిన్నగా వెళ్ళసాగింది, అతను భుజం తీసుకోలేదు.